గగనయానానికి గాలి తోడు, సరిహద్దు అడ్డు

న్యూఢిల్లీ: రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్ని పటంపై కొలవడం సులభం. అయితే ఆ దూరాన్ని విమానం ఎన్ని గంటల్లో అధిగమిస్తుందన్నది పటాన్ని బట్టి తేలదు. పైన వీచే గాలి, కింద ఉన్న సరిహద్దు కలిసి దానిని నిర్ణయిస్తాయి. ఢిల్లీ నుంచి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు సాగే ప్రయాణం ఇందుకు నిదర్శనం.

ఈ రెండు నగరాల మధ్య కనీస దూరం సుమారు 12,400 కిలోమీటర్లు. 2015 డిసెంబర్‌లో ఎయిరిండియా ఈ సర్వీసును ప్రారంభించినప్పుడు విమానాలు పడమరగా, అట్లాంటిక్ మీదుగా 13,900 కి.మీ. ప్రయాణించేవి. 2016 అక్టోబర్‌లో ఆ సంస్థ దిశ మార్చి, తూర్పుగా పసిఫిక్ మహాసముద్రం మీదుగా విమానాన్ని నడిపింది. దూరం 15,300 కి.మీ.కు పెరిగింది. ప్రయాణ సమయం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటలకు దిగింది. ఆ ఎత్తున గాలులు పడమర నుంచి తూర్పునకు బలంగా వీయడమే ఇందుకు కారణం. పడమరగా వెళ్లే విమానానికి ఎదురుగాలి అయినదే తూర్పుగా వెళ్లే విమానాన్ని ముందుకు నెడుతుంది. అంతర్జాతీయ దినరేఖను దాటినందున, 16వ తేదీ తెల్లవారుజామున ఢిల్లీలో బయలుదేరిన విమానం అదే తేదీ ఉదయం గమ్యం చేరడం విశేషం.

గాలి చేసిన ఈ మేలును సరిహద్దు హరించగలదు. 2019 ఫిబ్రవరిలో బాలాకోట్ దాడి అనంతరం పాకిస్థాన్ తన గగనతలాన్ని మూసివేయగా, ఢిల్లీ నుంచి పడమటి దేశాలకు వెళ్లే విమానాలు అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరగవలసి వచ్చింది. జూలై 2 నాటికే ఎయిరిండియాకు రు. 491 కోట్ల నష్టం వాటిల్లినట్లు కేంద్ర ప్రభుత్వం రాజ్యసభకు తెలియజేసింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం ఘటన దరిమిలా ఇరుదేశాలూ పరస్పరం గగనతలాలను మూసుకున్నాయి. ఆ సెప్టెంబర్ 1 నుంచి ఢిల్లీ-వాషింగ్టన్ సర్వీసును నిలిపివేస్తూ ఎయిరిండియా చూపిన కారణాల్లో ఈ మూసివేత ఒకటి.

ఇటువంటి దెబ్బ ఒకప్పుడు పాకిస్థాన్‌కూ తగిలింది. 1971 జనవరి 30న ‘గంగ’ అనే ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని లాహోర్‌కు దారి మళ్లించి, ఆపై దహనం చేసినందుకు భారత్ తన గగనతలంలోకి పాక్ విమానాలను నిషేధించింది. కరాచీ నుంచి ఢాకాకు నేరుగా సుమారు 2,400 కి.మీ. దూరం కాగా, కొలంబో మీదుగా అది దాదాపు రెట్టింపయింది. అప్పటికి ఆ రెండూ ఒకే దేశపు నగరాలు. ఆ ఏడాది డిసెంబర్‌లో ఢాకా స్వతంత్ర బంగ్లాదేశ్ రాజధాని అయింది.

ప్రయాణం పెరిగిన కొద్దీ విమానం అదనపు ఇంధనం మోయాలి. ఆ మేరకు ప్రయాణికులను, సరుకును తగ్గించుకోవాలి, లేదా నడుమ ఎక్కడో దిగి ఇంధనం నింపుకోవాలి. ఆ భారం చివరకు టిక్కెట్టు ధరపై పడుతుంది. ఎదురుగాలిని తప్పించుకునే మార్గాన్ని విమానయాన సంస్థలు వెతుక్కోగలిగాయి. మూసిన గగనతలాన్ని తెరవడం మాత్రం ప్రభుత్వాల చేతిలోని పని.