యజమానికీ ఒక పరీక్ష ఉంది

దేవగిరి ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే ముంబై సీఎస్‌ఎంటీలో దిగబెడుతుంది. నిజామాబాద్ నుంచో, కామారెడ్డి నుంచో రాత్రంతా కూర్చుని వచ్చిన పిల్లవాడు టీ తాగే వేళకు మా కామాఠిపుర గల్లీకి వచ్చి, చెక్క మెట్లెక్కి నా ఖోలీ తలుపు తడతాడు. చంకలో ప్లాస్టిక్ ఫైలు ఉంటుంది. "పెద్దనాయనా, రేపు రాత్రికి ఫ్లైటంటున్నరు. ఈ కాయితాలు జెర చూస్తవా?" అంటాడు.

చాయ్ చేతికిచ్చి ఫైలు విప్పుతాను. పాస్‌పోర్టు, మెడికల్ రిపోర్టు, ఫొటోలు, వీసా కాపీ, అన్నీ అతని గురించినవే. అతనికి జీతం ఇవ్వాల్సిన కంపెనీ ఎలాంటిదో చెప్పే కాగితం చాలాసార్లు ఒక్కటీ ఉండదు. ఇరవై రెండేళ్లు ఇదే ఊళ్లో ఒక రిక్రూటింగ్ ఆఫీసులో టైపిస్టుగా చేశాను. మనకు మెడికల్ ఉన్నట్టే, మనల్ని పెట్టుకునే యజమానికీ పరీక్ష ఉందని ప్రతి పిల్లవాడికీ చెబుతూనే ఉన్నాను.

ఆ పరీక్షకు ఆధారం 1983 ఎమిగ్రేషన్ చట్టం. విదేశీ యజమాని మన మనిషిని పనికి తీసుకోవాలంటే ఈ చట్టం రెండే దారులు చూపింది. భారత ప్రభుత్వం రిజిస్టర్ చేసిన రిక్రూటింగ్ ఏజెంటు ద్వారా తీసుకోవాలి, లేదా తానే పర్మిట్ తెచ్చుకుని నేరుగా తీసుకోవాలి. ఈ రెండూ కాకుండా మనుషుల్ని పంపితే రెండేళ్ల దాకా జైలు శిక్ష పడే నేరం.

పని ఎలా నడుస్తుందో చెబుతాను. యజమాని ముందు 'ఈమైగ్రేట్' అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో తన కంపెనీని నమోదు చేసుకోవాలి. 2014లో ఇది రాకముందు అన్నీ కాగితాల మీదే నడిచేవి. కంపెనీ వివరాలను ఆ దేశంలోని మన రాయబార కార్యాలయం చూస్తుంది. ఆమోదం వచ్చాక యజమాని డిమాండ్ పెడతాడు. ఎంతమంది కావాలి, ఏ పనికి, జీతమెంత, తిండీ వసతీ ఎవరివి అన్నీ అందులో ఉండాలి. తన తరఫున ఫలానా ఏజెంటు మనుషుల్ని ఎంపిక చేస్తాడని పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి. దానితోపాటు నమూనా ఒప్పందం ఉంటుంది. పని గంటలు, ఓవర్‌టైమ్, సెలవులు, తిరుగు టికెట్, జబ్బు చేస్తే వైద్యం అందులో రాసి ఉండాలి. మనిషి అక్కడే చనిపోతే శవాన్ని ఇంటికి ఎవరు చేర్చాలన్నది కూడా రాయాలి. ఆ వాక్యం టైపు చేసిన ప్రతిసారీ నా వేళ్లు ఆగేవి. కానీ అది ఉండాల్సిందే.

ఫిర్యాదులు వచ్చిన యజమానుల పేర్లు ముందస్తు అనుమతి జాబితాకు ఎక్కుతాయి. అలాంటివాళ్లకు అడిగిన వెంటనే మనుషులు దొరకరు. పది పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) పాస్‌పోర్టు. దానితో సౌదీ, యూఏఈ, కువైట్ లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ క్లియరెన్స్ తప్పనిసరి. ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఇంటిపనికి పోయే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి, ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓంక్యాప్ అలాంటివే.

ఇంత కట్టుదిట్టం ఉండీ మోసం ఎలా జరుగుతుంది? ఈ దారి పక్కనుంచి పంపితే జరుగుతుంది. విజిట్ వీసా మీద పంపితే యజమానికి పరీక్షే లేదు. 'ఆజాద్ వీసా' అంటే కాగితం మీద ఒక కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఉంటాడు, పని మాత్రం మనమే వెతుక్కోవాలి. పది పాసైన పిల్లలకు క్లియరెన్స్ అక్కర్లేదు కాబట్టి వాళ్లు తమ కాగితాలు తామే చూసుకోవాలి.

2009లో మా తమ్ముడు ఒమన్ పోయాడు. ఒప్పందంలో ఒక కంపెనీ పేరు, వీసా మీద ఇంకో పేరు. "రెండూ ఒకటేనన్నా, ఏజెంటు చెప్పిండు" అన్నాడు. పగలంతా ఊరివాళ్ల డిమాండ్ లెటర్లు టైపు చేసే నేను, ఇంట్లో వాడి కాగితాలు పక్కపక్కన పెట్టి చదవలేదు. అయిదు నెలలు జీతం లేదు. తిరిగొచ్చేనాటికి అప్పు వడ్డీతో రెట్టింపైంది. ఇప్పుడు ఏ ఫైలు వచ్చినా ముందు ఆ రెండు పేర్లే చూస్తాను.

మా తాతల కాలంలో ఈ కాగితాలేవీ లేవు. నిజాం రాజ్యం నుంచి వచ్చి బొంబాయిలో రోడ్లు వేసి, ఇళ్లు కట్టిన కామాఠీల పేరు మీదే కామాఠిపుర వెలిసింది. మేస్త్రీ ఊరివాడే, అదే చాల్‌లో ఉండేవాడు. కూలి ఎగ్గొడితే తెల్లారి నల్లా దగ్గర అందరికీ మొహం చూపించాలి. జోతిబా ఫూలే సత్యశోధక్ సమాజానికి అండగా నిలిచిన వెంకు బాలాజీ కాలేవార్, రామయ్య వెంకయ్య అయ్యవారు కూడా ఈ బొంబాయి తెలుగు కాంట్రాక్టర్లే. యజమాని ఎవరో, ఎక్కడుంటాడో కూలీకి తెలిసేది.

మన దేశంలోనే పాలమూరు కూలీలు ఊరుగాని ఊళ్ల డ్యాములకు పోవడం మొదలయ్యాక ఆ ఎరుక పోయింది. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం అందుకే యజమానికి రిజిస్ట్రేషన్, కాంట్రాక్టర్‌కు లైసెన్సు, కూలీకి ఫొటో ఉన్న పాస్‌బుక్ ఉండాలంది. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో కొత్త లేబర్ కోడ్ అమల్లోకి వచ్చింది. గల్ఫ్ యజమాని సముద్రం అవతల ఉంటాడు. నల్లా దగ్గర నిలదీయలేం. ఆ పని కాగితమే చేయాలి.

బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని మన తెలంగాణలో ఊరికే అనలేదు. పోవడం తప్పదు. పోయేముందు నాలుగు చూసుకోండి. ఏజెంటు లైసెన్సు నంబరు 'బి'తో మొదలవుతుంది, ముంబై ఏజెంటుదైతే అందులో 'ఎంయూఎం' ఉంటుంది. దాన్ని ఈమైగ్రేట్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. వీసా మీదా, ఒప్పందంలోనూ కంపెనీ పేరు ఒకటే ఉండాలి. ఏజెంటు ఫీజు 30 వేల రూపాయలు, దానిమీద జీఎస్టీ. అంతకుమించి అడగకూడదు, ఇచ్చినదానికి రసీదు తీసుకోండి. ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ చేతికి వచ్చిందో లేదో చూడండి. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి 10 లక్షలు వచ్చే బీమా అది.

అనుమానం ఉంటే 1800 11 3090కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు. "యజమాని కాగితం చూపించు" అని అడగడానికి మొహమాటపడకండి. అది మీ హక్కు. చూపించనివాడి చేతిలో పాస్‌పోర్టు పెట్టకండి.