ముడి విప్పే సూది – ముడి వేసే అలవాటు

జహీరాబాదు ప్రాంతంలో చెరకు నరికే కాలం వచ్చిందంటే మా వైద్యశాల అరుగు మీద భుజం పట్టుకుని కూర్చునేవారి సంఖ్య పెరుగుతుంది. అల్లం త్రవ్వే రైతులు, కుట్టుమిషను ముందు వంగి కూర్చునే గృహిణులు, కంప్యూటరు ఉద్యోగాలలో ఉన్న వారి పిల్లలు, అందరిదీ ఒకే మాట: "అయ్యా, మెడ నుండి భుజం దాకా పట్టేసింది. మాత్ర వేసుకుంటే తగ్గి, నాలుగు రోజులకు మళ్ళీ మొదటికే వస్తోంది." ఈ మధ్య వారు మరొక ప్రశ్న కూడా అడుగుతున్నారు. "హైదరాబాదులో సూదులు గుచ్చి తగ్గిస్తున్నారట. చేయించుకోవచ్చునా?"

ఈ ప్రశ్నకు సమాధానం నా భుజమే నాకు నేర్పింది. ఎన్నో యేండ్లుగా కల్వంలో ఔషధాలు నూరిన కుడి భుజం ఆ మధ్య మొండికెత్తింది. రాత్రి ఆ ప్రక్కకు తిరిగి పడుకోలేకపోయేవాడిని. తైలమర్దనం, కాపడం చేసుకుంటే ఉపశమించేది; మరునాడు కల్వం ముందు కూర్చోగానే తిరగబెట్టేది. గురుకులంలో చదివినవాడిని, పరాయి సూదికి భుజం అప్పగించడమా అన్న అభిమానంతో ఆరు నెలలు బాధ భరించాను. చివరకు మా అబ్బాయి బలవంతం మీద ఒక ఫిజియోథెరపిస్టు వద్దకు వెళ్ళాను.

ఏమిటీ చికిత్స?

దీనిని డ్రై నీడ్లింగ్ అంటారు. సూది ద్వారా ఏ మందూ ఎక్కించరు గనుక ఆ పేరు వచ్చింది. వెంట్రుక వలె సన్నని సూదిని, నొప్పికి మూలమైన బిగిసిన కండరపు ముడిలోనికి దింపుతారు. ఇట్టి ముడులను గురించి జానెట్ ట్రావెల్, డేవిడ్ సైమన్స్ అను అమెరికా వైద్యులు 1983లో పెద్ద గ్రంథం వెలువరించారు. ట్రావెల్ అధ్యక్షుడు కెనడీకి వైద్యురాలు. అంతకు ముందే, 1979లో, ప్రాగ్ వైద్యుడు కారెల్ లెవిట్ ఈ ముడులలో సూది ప్రభావాన్ని పరిశీలించి, గుణం మందులో కంటె సూదిలోనే ఉన్నదని వాదించారు.

నా భుజంలోని ముడిని సూది తాకగానే కండరం చేప తోకవలె ఒక్కసారి ఎగిరిపడింది. రెండు రోజులు సలుపు ఉండి, పిదప మెడ తేలికగా తిరిగింది.

మన శాస్త్రం ఏమంటుంది?

వాతం మాంసధాతువును ఆశ్రయించినప్పుడు నొప్పితో కూడిన గ్రంథులు ఏర్పడతాయని సుశ్రుతుడు నిదానస్థానంలో చెప్పాడు. కర్రతోను, పిడికిలితోను కొట్టినట్లుండే నొప్పిని చరకుడు వర్ణించాడు. వ్యాధిని మన పెద్దలు గుర్తించారు. అంతమాత్రాన ఈ చికిత్స కూడా మనదేనని చెప్పుకోవడం సత్యం కాదు. సుశ్రుతుని సిరావేధ రక్తమోక్షణానికి ఉద్దేశించినది. ఈ సూది రక్తం తీయడానికి కాదు.

ఎవరు జాగ్రత్తపడాలి?

మెడ, భుజం, వీపు పైభాగాలలో సూది లోతుగా పోతే ఊపిరితిత్తికి గాయం కావచ్చు. అట్టిది అరుదే అయినా ప్రమాదకరం. సూది గుచ్చిన పిమ్మట ఆయాసం గాని, ఛాతీలో నొప్పి గాని కలిగితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారు, గర్భిణులు ముందుగా తమ వైద్యుని సంప్రదించాలి. ప్రతిసారీ కొత్త సూదినే వాడమనండి. శిక్షణ లేనివారి చేతికి శరీరం అప్పగించవద్దు. చేయి తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా, ఎడమ భుజం నొప్పితో చెమటలు పోస్తున్నా అది కండరపు ముడి అనుకుని కాలయాపన చేయరాదు.

ఇంటివద్ద చేయదగినవి

గోరువెచ్చని నువ్వుల నూనెను నొప్పి ఉన్నచోట పది నిమిషాలు మెల్లగా మర్దించాలి. పిదప వావిలి ఆకులు వేసి మరిగించిన నీటిలో గుడ్డ ముంచి, పిండి, ఓర్చుకోగలిగినంత వేడితో కాపడం పెట్టాలి. వావిలి దొరకనిచో గళ్ళ ఉప్పును మూకుడులో వేయించి, మూట కట్టి వాడవచ్చు. జ్వరం, వాపు ఉన్నప్పుడు మర్దన తగదు. మధుమేహం వలన స్పర్శ తగ్గినవారు వేడిని ఇతరుల చేత పరీక్షింపజేసుకోవాలి.

అసలు మందు

నాలుగు పర్యాయాలు సూది చేయించుకున్నాక నొప్పి పోయిందని సంతోషించి, మళ్ళీ నేలమీద అదే కల్వం ముందు, అదే వంపులో కూర్చున్నాను. నెల తిరగకముందే నొప్పి తిరిగి వచ్చింది. అప్పుడు కల్వాన్ని ఎత్తు బల్ల మీద పెట్టించాను. అరగంటకొకసారి లేచి భుజాలు తిప్పుతున్నాను. నొప్పి అప్పటినుండి తలెత్తలేదు.

సూది ముడిని విప్పగలదు. ఆ ముడి వేసేది మనం కూర్చునే తీరు, విశ్రాంతి ఎరుగని పని. వ్యాధికి కారణమైన దానిని విడిచిపెట్టడమే మొదటి చికిత్స అని మా గురువుగారు పదేపదే చెప్పేవారు. ఇతరులకు ఆ మాట వేలసార్లు చెప్పిన నేను, నా విషయంలో పాటించడానికి ఇంత కాలం పట్టింది. పాఠకులు నాకంటె త్వరగా పాటిస్తారని ఆశిస్తున్నాను.