పిల్లికి షుగరొస్తే నవ్వులాట కాదు

"మనుషుల సూదులకే డబ్బుల్లేవు, పిల్లికి ఇన్సులినంట!" ఇట్టాంటి మాట మన కారంపూడి సెంటర్లో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఆ మాటలో బాధ ఉంది, కాదనను. కానీ చరిత్ర కూడా కాస్త చూడాలి గదా. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్ గుట్టు విప్పింది కుక్కల మీద. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల పిల్లోడికి ఆ సూది పడింది. ఆ తర్వాత దాదాపు అరవై ఏళ్లు మనుషులు వాడింది ఆవుల, పందుల క్లోమం నుంచి తీసిన మందే. మూగజీవాల ఒంట్లోంచి వచ్చిన మందు మూగజీవికి పెడితే నవ్వెందుకు?

తీపి తింటే షుగరొచ్చిద్దనే మాట కూడా పక్కన పెట్టండి. పిల్లి నాలుకకి తీపి రుచే తెలియదు. అయినా షుగరొచ్చిద్ది. ఒళ్లు బాగా పెరగటం, వయసు మీదపడటం, దురదకనో వాపుకనో పదేపదే వేసే స్టెరాయిడ్ సూదులు దానికి దారులు. నీళ్లు తెగ తాగుతా, ఊరికూరికే ఉచ్చ పోస్తా, బాగా తింటన్నా చిక్కిపోతా ఉంటే అనుమానించాలి. కొన్ని పిల్లులు వెనక కాళ్లు మడమల మీద ఆనించి నడుస్తయి.

పరీక్ష పశువుల డాక్టరుతోనే చేయించాలి. బెదిరిన పిల్లికి రక్తంలో షుగరు ఊరికే పెరిగిద్ది, ఒక్క లెక్క చూసి జబ్బని తేల్చకూడదు. అమ్మమ్మ వాడే షుగరు బిళ్లలు, ఆమె ఇన్సులిన్ సీసా డాక్టర్ని అడక్కుండా పిల్లికి వాడొద్దు.

అసలు ప్రమాదం సిరంజీ దగ్గరుంది. మన మందుల షాపుల్లో దొరికే ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా 40 రకం, అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు. కొన్ని 100 రకం. దేని సిరంజీ దానికే. 40 సిరంజీకి ఎర్ర మూత, 100 సిరంజీకి నారింజ మూత ఉండిద్ది. మూత రంగుతో పాటు అంకె కూడా చదవండి. 100 రకం మందుని 40 సిరంజీతో ఒక్క గీత లాగితే రెండున్నర యూనిట్లు పోతయి. మూడు నాలుగు కిలోల ప్రాణికి అది చిన్న తేడా కాదు.

సూది మామూలుగా 12 గంటలకోసారి, రోజుకి రెండుసార్లు. మోతాదు డాక్టరు రాసిందే. పిల్లి తినేటప్పుడు మెడ వెనకో పక్కటెముకల మీదో వదులు చర్మం పైకి లేపి కిందగా గుచ్చాలి. మందు బయటపడి బొచ్చు తడిసినా మళ్లీ వేయొద్దు. వేశామో లేదో గుర్తులేకపోతే ఆ పూట వదిలేయండి. ఒకపూట తప్పిందని రెండింతలు అసలు వేయొద్దు. తినకపోయినా, కక్కినా సూది ఆపి ముందు డాక్టరుకి ఫోను చేయండి.

కూడు సంగతి. పిల్లి మాంసం తినే జీవి, మనం పెట్టేదేమో పాలన్నం. అన్నం తగ్గించి చేప, కోడిమాంసం, గుడ్డు ఉప్పూకారం లేకుండా ఉడికించి పెట్టాలి, ముల్లూ ఎముకా తీసేసి. అయితే ఒక్కరోజులో మార్చొద్దు. అన్నం తగ్గితే ఇన్సులిన్ అవసరమూ తగ్గిద్ది. పాత మోతాదే కొనసాగితే షుగరు పడిపోయిద్ది. అందుకే డాక్టరుకి చెప్పి మార్చాలి. పస్తు అసలే పెట్టొద్దు, పిల్లికి లివరు చెడిద్ది. చాపకూడు పుట్టిన పల్నాడు మనది, అందరం ఒకే చాప మీద తిన్న కథలు మనయ్యి. కానీ ఇంట్లో నాలుగు పిల్లులుంటే షుగరు పిల్లికి మాత్రం వేరే పళ్లెం పెట్టండి. ఎంత తిన్నదో తెలవాలి గదా.

తూలినా, నీరసంగా పడిపోయినా, కొట్టుకున్నా షుగరు పడిందని అర్థం. తేనె గానీ చిక్కటి పంచదార నీళ్లు గానీ చిగుళ్లకి రాయండి. స్పృహ లేకపోతే నోట్లో పోయొద్దు, ఊపిరాడదు. వెంటనే ఆసుపత్రికి పరిగెత్తండి. పశువుల అంబులెన్సు నంబరు 1962, దానికీ చేసి అడగండి.

పక్కనే రెంటచింతల ఎండలు తెలుసుగా. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉండాలి, గడ్డకట్టే అరలో కాదు. గడ్డకట్టిన మందు పారేయాల్సిందే. కరెంటు పోయి ఇబ్బందైతే, వాడుకలో ఉన్న సీసాని కవర్లో చుట్టి కుండలో పెట్టండి. ఆ కుండని పెద్ద కుండలో దించి, మధ్యలో తడి ఇసుక పోసి నీడన ఉంచితే వేడి నుంచి కాపాడుకోవచ్చు. వాడిన సూదులు చెత్తలో పడేస్తే రేపు గుచ్చుకునేది పారిశుద్ధ్య కార్మికుల చేతికి. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఆసుపత్రికి ఇవ్వండి.

ఇంత శ్రమ ఎందుకంటారా? త్వరగా మొదలుపెట్టి కూడు సరిచేస్తే కొన్ని పిల్లులకి సూది అవసరమే లేకుండా పోయిద్ది. మిరపకాయ బస్తాల కాడ రాత్రంతా ఎలుకల్ని కాసే జీవికి ఆ అవకాశం ఇద్దాం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మండల పశువుల ఆసుపత్రిలో షుగరు పరీక్ష, సరైన సిరంజీలు ఉండాలని అర్జీ పెట్టండి. అమ్మమ్మ ఇన్సులిన్ కోసం పీహెచ్‌సీకి పెట్టే అర్జీ కూడా అదే రోజు రాయండి. రెండిట్లో ఒకటే ఎంచుకోమనే వాళ్ల మాట నమ్మొద్దు.