డేరావారికి చోటెక్కడ?

మన ప్రాంతమున "క్యాంపు" అను మాటను విననివారుండరు. సింధనూరు, మాన్వి తాలూకాలలో బస్సెక్కినవారు కండక్టరు నోట ఎన్నియో క్యాంపుల పేర్లు విందురు. నేడవి మిద్దెలు, గుడులు, అంగళ్లు గల ఊళ్లు. అయినను పేరు మాత్రము క్యాంపుగనే నిలిచినది. 1945లో పని ఆరంభమై 1953లో నీరు నిలిచిన తుంగభద్ర ఆనకట్ట యెడమకాలువ క్రింద సేద్యము చేయుటకై కృష్ణా, గోదావరి, గుంటూరు సీమలనుండి వచ్చిన మన పెద్దలు తాత్కాలికముగా విడిసిన చోట్లే యివి. ఆ విడిదియే కాలక్రమమున ఊరైనది. కావున బయట విడియువారి కష్టసుఖములు మనకు పరాయి సంగతులు కావు. నేటి ప్రపంచమున విడిది స్థలములందు గుడారమువారిని, బండివారిని ఏ రీతిగా చూచుచున్నారో, అందుకు కారణము లెవ్వియో విద్యార్థులకును, తల్లిదండ్రులకును ఈ వ్యాసమున తెలుపదలచితిమి.

వినోదార్థము ఊరు విడిచి ఆరుబయట రాత్రులు గడపువారు రెండు తెగలు. గుడ్డతో కుట్టిన డేరాను వీపున గాని, సైకిలుపై గాని మోసికొనివచ్చి నేలపై పాతుకొనువారొక తెగ. మంచము, పొయ్యి, నీళ్లతొట్టి, మరుగుదొడ్డి సర్వమును అమర్చిన చక్రముల యింటితో వచ్చువారు మరియొక తెగ. ఈ చక్రముల యింటినే కారవాన్ అందురు. కొన్నిటిని కారు వెనుక కట్టి లాగుదురు. కొన్ని తమ యంత్రముతో తామే నడచును.

ఈ రెండు అలవాట్లును ఇంగ్లండున ఇంచుమించు ఒకే కాలమున వేళ్లూనినవి. 1885లో గార్డన్ స్టేబుల్స్ అను నౌకాదళ వైద్యుడు గుఱ్ఱములు లాగు బండియిల్లు చేయించి దేశసంచారము చేసెను. 1901లో థామస్ హైరమ్ హోల్డింగ్ అను దర్జీ, సైకిళ్లపై తిరుగుచు డేరాలలో పండుకొనువారికై యొక సంఘము స్థాపించెను. ఇతడు బాల్యమున, 1853లో, అమెరికా మైదానములను బండ్లబారుతో దాటిన కుటుంబమువాడు. 1907లో కారవానుల వారికి వేఱొక సంఘ మేర్పడెను. డేరావారి సంఘము నేటికిని కలదు. అయితే దాని పేరులో ఇప్పుడు కారవానుకును చోటు దొరకినది. బండివారి సంఘమున కుండు విడిదులలో మాత్రము డేరాలను రానీయనివి నేటికిని పెక్కులున్నవి.

విడిది స్థలపు యజమాని బండివారి నేల యెక్కువ ఆదరించును? ఇందుకు కారణములు లేకపోలేదు. బండివారు విద్యుత్తునకు వేఱుగా రుసుము చెల్లింతురు. గులక పఱచిన గట్టి నేలపై నిలుతురు కావున పచ్చిక చెడదు. వాన వచ్చినను రాక మానరు. డేరావారో, మబ్బు పట్టినచో వెనుకకు తిరుగుదురు; వానలో నిలిచినచో నేల బురద యగును. గుడ్డగోడలనుండి మాట వెలికి పోవును. ప్రక్కవారికి నిద్ర పట్టదు. ఎండుగడ్డిపై పొయ్యి వెలిగించినచో నిప్పు భయము. ఇవి యన్నియు సత్యములే. యజమానిని దుర్మార్గు డనుట న్యాయము కాదు.

కాని రెండవ ప్రక్కను కూడ చూడవలయును. నీళ్లు, దీపము, మరుగుదొడ్డి తనవెంట తెచ్చుకొన్నవానికి స్థలముతో పని తక్కువ. ఏమియు తెచ్చుకొననివానికే కొళాయి దగ్గఱ కావలయును, మిట్టనేల కావలయును, దారిలో దీపము కావలయును. చక్రములపై నున్న యింటిలోనికి వాననీరు సులభముగా రాదు. నేలపై పఱచిన చాపక్రిందికి వచ్చును. అయినను అనేక స్థలములందు కొళాయిప్రక్క గట్టినేల బండికి, మూలనున్న పల్లపునేల డేరాకు. అవసరము గలవానికి దూరము, అవసరము లేనివానికి సమీపము! ఇదియే యీ విషయమున ముఖ్యమైన చిక్కు.

కొన్ని దేశములు శాసనముచేత దీనిని వేఱొకరీతిగా చూచినవి. నార్వే దేశమున 1957నాటి చట్టము ప్రకారము, ఇండ్లకు 150 మీటర్ల యెడముగా, సాగుచేయని భూమిలో, యజమాని ననుమతి యడుగకయే రెండు రాత్రులు డేరా వేసికొనవచ్చును. స్కాట్లండున 2003లో చేసిన చట్టము కాలినడకను, సైకిలుపై వచ్చి బాధ్యతతో విడియువానికి హక్కు నిచ్చినది. మోటారు బండికి ఆ హక్కు లేదు. నేలపై తేలికగా నడచి, తేలికగా విడిచిపోవువానికే ముందుచోటు అనుట వారి న్యాయము.

మన దేశమున కారవాను క్రొత్త. 2021లో కేరళ ప్రభుత్వము కారవాను యాత్రలకై యొక విధానమును ప్రకటించినది. కాని నడిచివచ్చువానిని గౌరవించుట మనకు క్రొత్త కాదు. తిరుమలకు అలిపిరి మెట్లదారిని, అనగా మూడువేల అయిదువందలకు పైగా మెట్లెక్కి, పోవువారి మూటలను ఉచితముగా కొండపైకి చేర్చు ఏర్పాటు కలదు. ఉగాదికి శ్రీశైలము పోవు కన్నడ యాత్రికులను మనము ప్రతి సంవత్సరమును చూచుచున్నాము. భ్రమరాంబను తమ యింటి ఆడపడుచుగా తలచి, చీరసారెలతో, వారు మన జిల్లా బాటలనుండియు నడచిపోవుదురు. ఆత్మకూరు, వెంకటాపురము దాటి, నల్లమలలో నాగలూటి, పెచ్చెరువుల మీదుగా కైలాసద్వార మెక్కుదురు. దారి పొడవున గ్రామస్థులు షామియానాలు వేసి, అంబలియు, మజ్జిగయు, అన్నమును పెట్టుదురు. నీవు ఏ భాషవాడవని అడుగువారు లేరు.

ఇక మా యనుభవ మొకటి. కొన్ని సంవత్సరముల క్రిందట మేము ఇరువదిమంది విద్యార్థులతో కోటలు, శాసనములు చూపుటకై బయలుదేరితిమి. బస్సు దిగి, డేరాలు మోసికొని, పొద్దుగ్రుంకువేళకు ఒక ప్రైవేటు విడిదికి చేరితిమి. మిట్టమీద కొళాయిప్రక్కన చోటు ఖాళీగా నున్నను, అది బండివారికని చెప్పి, కావలి మనిషి మమ్ము కాలువగట్టు దిగువకు పంపెను. అర్ధరాత్రి వాన కురిసెను. చాపలు తడిసెను, పుస్తకములు తడిసెను. చిన్నపిల్లలు చలికి వణకుచు స్నానాల గదుల వసారాలో నిలిచిరి. అది చూచి బండిలోని యొక గృహిణి తలుపు తెఱచి, ముగ్గురు చిన్నవారిని లోపల పండుకొనబెట్టినది. ఆ తల్లి మేలు మఱువలేము. కనుక తప్పు బండిది కాదు, బండివారిది కాదు.

మఱునాడు యజమాని మాతో, "బండివాళ్లు కరెంటుకు రొక్కమిస్తారు సార్, మీరేమిస్తారు?" అనెను. మేము సమాధానము వెదకుచుండగా, తొమ్మిదవ తరగతి బాలుడొకడు, "మేం కరెంటు అడగలేదండీ, మిట్టన ఇంత జాగా అడిగినాం" అనెను. యజమాని మాటలాడలేదు. ఆ రాత్రి ఖాళీగా నుండిన మిట్ట తెల్లవాఱువఱకును ఖాళీగనే యుండెను. మేము వారికి బాకీ పడినది ఒక్క రూపాయియు లేదు.

ఆ బాలుని మాటలో ఈ వ్యాసమంతయు ఇమిడియున్నది. సమానముగా పంచుట యనగా అందఱికి ఒకటే ఇచ్చుట కాదు. ఎవనికి ఏది లేకున్న గడవదో దానిని ముందుగా వాని కిచ్చుట. విద్యుత్తు కొనువానికి విద్యుత్తు అమ్ముట న్యాయమే. కాని పొడినేల, త్రాగునీరు, రాత్రి దీపము అమ్మకపు సరకులు కావు.

వచ్చు ఉగాదికి మన యూరిబాటను యాత్రికులు మఱల వత్తురు. నడిచివచ్చువారు కొందఱు, ట్రాక్టర్లపై, కార్లపై వచ్చువారు కొందఱు. పాఠశాల మైదానమున వారికి చోటు చూపు పని పెద్ద విద్యార్థులపై పెట్టవలెనని మా కోరిక. చేయవలసినది కొంచెమే. మిట్టనున్న తూర్పుభాగము నేలపై పండుకొనువారికి విడువవలయును. కొళాయి వారికి దగ్గఱగా నుండవలయును. బండ్లను ప్రహరీ వెంబడి పడమట నిలుపవచ్చును. చక్రములకు పల్లమైనను బాధ లేదు. మరుగుదొడ్ల దారిలో రాత్రియంతయు దీప ముంచవలయును. పొయ్యిలకు ఇసుక పోసిన చోటు వేఱుగా చూపవలయును. పోవునప్పుడు చెత్త నెత్తివేయుమని రెండు తెగలవారితోను ఒకే మర్యాదతో చెప్పవలయును.

తల్లిదండ్రులారా! మన యిండ్లలోని వృద్ధులను పిల్లలచేత ఒక్క ప్రశ్న యడిగింపుడు: "మొదటి రాత్రి మీకిక్కడ చోటు చూపినవా రెవరు?" కన్నడ రైతు చూపెనని కొందఱు చెప్పవచ్చును, ఎవరును చూపలేదని కొందఱు చెప్పవచ్చును. జవాబేదైనను, ఈ ఉగాదికి మన మైదానమున ఎవరిని ఎక్కడ నిలుపవలయునో అది మన పిల్లలకు నేర్పును.