పని దొరకిననాడు భృతి యేమగును?



కూలివానికి పని లేని దినము కష్టము, పని యున్న దినము సుఖము. ఈ రెంటి నడుమ మూడవ స్థితి యొకటి కలదు. వారమునకు రెండు దినములు ప్రత్తి యేరుట, ఒక దినము మిరపకాయ కోయుట, తక్కిన దినములు అరుగుమీద కూర్చుండుట. ఓరుగల్లు సీమలో ఎన్నియో కుటుంబముల కాలము ఇట్లే గడచుచున్నది. ఇట్టివారికి నిరుద్యోగభృతి చెల్లునా? కొంచెము పని దొరకగానే అది పోవునా? ఆ పని ముగిసిన పిమ్మట మరల వచ్చునా? ఈ ప్రశ్నలతో మీ వాకిటికి వచ్చువారు కలరు. వారికి మీరు చెప్పదగిన సమాధానమును గూర్చి ఈ సాయంకాలము ముచ్చటింతును.

పల్లెకూలికి నిరుద్యోగభృతిని హక్కుగా నొసగినది 2005వ సంవత్సరపు జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టము. ఆ పథకము 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభింపబడినది. మొదటి విడతగా ఎన్నుకొనిన 200 జిల్లాలలో వరంగల్లు ఒకటి. మన జనులు దీనిని వంద రోజుల పని యనిరి. పాత యలవాటు చొప్పున కరువు పని యనియు ననిరి. కాని కరువు పని ప్రభుత్వము దయదలచి పెట్టినది. ఇది అడిగి పొందునది. అడిగిన తేదీనిబట్టియే ఇందలి లెక్క యంతయు సాగును. ఈ భేదమును ముందుగా గ్రహింపవలయును.

ఆ చట్టము విధించిన దేమనగా: పని కోరుచు దరఖాస్తు ఇచ్చిన పదునైదు దినములలో పని చూపవలయును. చూపనిచో ఆ పిమ్మట దినమునకింత యని భృతి చెల్లింపవలయును. ఆర్థిక సంవత్సరమున మొదటి ముప్పది దినములకు అది కూలిలో నాలుగవ వంతునకు తగ్గరాదు. తరువాతి దినములకు సగమునకు తగ్గరాదు. ముందుగానే దరఖాస్తు ఇచ్చి, ఫలానా తేదీనుండి పని కావలెనని కోరినచో, ఆ తేదీనుండియే పదునైదు దినములు లెక్కింపవలయును.

భృతి నిలిచిపోవుటకు చట్టము నాలుగు కారణములను మాత్రమే చెప్పినది. పనికి రమ్మని పంచాయతీ గాని మండలాధికారి గాని పిలుచుట మొదటిది. పని కోరిన కాలము ముగిసిపోయి, ఇంటివారెవ్వరును పనికి రాకపోవుట రెండవది. ఆ యింటివారికి అందరికిని కలిపి సంవత్సరములో నూరు దినముల పని ముట్టుట మూడవది. కూలియు భృతియు కలిసి నూరు దినముల కూలికి సమానమగుట నాలుగవది.

పెద్దలారా, పొరుగు రైతు చేనిలో రెండు దినములు ప్రత్తి యేరుట ఈ నాలుగింటిలో చేరలేదు. కనుక చిల్లర పనికి పోయినంతమాత్రమున హక్కు పోయినదని ఎవరైన బెదరించిన, అది చట్టములోని మాట కాదు.

అయితే ప్రమాదము మరియొక చోట కలదు. మిరపకోతలో నున్నవానికి పంచాయతీనుండి పిలుపు వచ్చును. కోతలో కూలి యెక్కువ, పైగా రైతునకు మాట యిచ్చియున్నాడు. అందుచేత ఏమియు చెప్పక ఊరకుండును. చూపిన పనిని అంగీకరింపకున్నను, పిలుపు అందిన పదునైదు దినములలో హాజరు కాకున్నను, అనుమతి లేక ఒక వారమునకు మించి మానినను, మూడు మాసముల వరకు భృతి నడుగు అర్హత ఉండదని ఆ చట్టము శాసించినది. పని నడుగు హక్కు మాత్రము పోదు. పోయినది భృతియే, కాని కోతలు ముగిసి పని కరువైన వేసవిలోనే ఆ లోటు తెలియును.

దీనికి విరుగుడు చట్టములోనే యున్నది. పిలువబడినవాడు తానే పోనక్కరలేదు. ఇంటిలోని మరియొక వయోజనుని పంపవచ్చును. హాజరగుటకు పదునైదు దినముల గడువు కలదు గనుక, రెండు మూడు దినముల కోతపని ముగించుకొనియు పోవచ్చును. అన్నదమ్ములలో ఒకరు చేనికి, ఒకరు చెరువు పూడికపనికి పోయినచో రెండును నిలుచును.

లెక్క తేటపడుటకు ఒక కుటుంబము నూహింతము. కూలి దినమునకు 300 రూపాయ లనుకొందము. దరఖాస్తు ఇచ్చి పదునైదు దినములు గడచినను పని రాలేదు. పిమ్మట ఇరువది దినములు భృతి నడచినది. దినమునకు 75 చొప్పున 1,500 రూపాయలు. అంతట పిలుపు వచ్చినది. భృతి ఆగినది, పదునాలుగు దినములు పని చేసి 4,200 రూపాయలు కూలి పొందిరి. పని ముగిసిన వెంటనే మరల దరఖాస్తు ఇచ్చిరి. మరల పదునైదు దినములు పని చూపలేదు. ఇప్పుడు భృతి తిరిగి ఆరంభమగును. ముప్పది దినములలో ఇరువది యిదివరకే గడచినవి గనుక, ఇంక పది దినములు మాత్రమే 75 చొప్పున 750 రూపాయలు. ఆపైన దినమునకు 150. ఇంతవరకు చేరిన మొత్తము 6,450 రూపాయలు. సంవత్సరములో కూలియు భృతియు కలిసి 30,000 అగువరకు ఈ రాకపోకలు సాగవచ్చును. రెండవ దరఖాస్తు ఇయ్యనిచో మాత్రము, ఎన్ని దినములు కూర్చుండినను దమ్మిడీ రాదు.

అన్ని దేశములందును పద్ధతి యొక్కటి కాదు. బ్రిటనులో యూనివర్సల్ క్రెడిట్ అను సహాయము పొందువాడు కొద్ది గంటల పనికి కుదిరినచో, లెక్కకు వచ్చు ప్రతి పౌను సంపాదనకు 55 పెన్నీల చొప్పున సహాయము తగ్గును. అక్కడ భృతి మెట్లు దిగినట్లు దిగును. మన పల్లె చట్టమున అది చెరువు తూము వంటిది. పిలుపు రాగానే మూతపడును, మరల తెరచుటకు మరల అడుగవలయును. పట్టణమున కర్మాగారములలో నున్న మీ బిడ్డలకు విధానము వేరు. ఈ.ఎస్.ఐ. సంస్థ 2018 జూలై 1వ తేదీన, ఉద్యోగము కోల్పోయిన బీమాదారులకై అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజనను ఆరంభించినది. అందలి సహాయమును 2020లో సగటు సంపాదనలో నాలుగవ వంతునుండి సగమునకు పెంచిరి. గరిష్ఠ పరిమితి 90 దినములు. ఒక చట్టపు నియమమును మరియొక చట్టమునకు అంటగట్టి చెప్పరాదు.

ఇంత స్పష్టముగా వ్రాసిన భృతి దేశమున మిక్కిలి అరుదుగా చెల్లింపబడినది. హేతువు గూఢము కాదు. పనిచేసినవారి కూలి కేంద్రము భరించినది. భృతి భారము మాత్రము రాష్ట్రముపై నుంచబడినది. అందుచేత పని యడిగినట్లు కాగితము లేకుండుటయే ఖజానాకు లాభమైనది. కూలివారు ఫీల్డు అసిస్టెంటుతో నోటిమాటగా "పని పెట్టు బాబూ" అని వెడలిపోయిరి. తేదీ వేసిన రసీదు ఇయ్యవలెనని నియమ మున్నను అడిగినవారు కొందరే. రసీదు లేనిచోట పదునైదు దినములు ఎచ్చటనుండి మొదలైనవో చెప్పగలవా రెవరు?

2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టము స్థానమున నూతన చట్టమును ఆమోదించినది. అందు హామీ దినములు నూరునుండి 125కు పెరిగినవి. పదునైదు దినములలో పని చూపనిచో భృతి యను సూత్రము అందును నిలిచినది. వ్యవసాయపు పనులు ముమ్మరముగా నుండు కాలమున మొత్తము 60 దినములు ఈ పనులను నిలుపుటకు రాష్ట్రములకు అధికార మీయబడినది. కావున మీ మండల కార్యాలయమునకు పోయి, పనులు ఏ నియమము క్రింద నడచుచున్నవో, నిలుపుదల దినము లెవ్వియో విచారించి, దరఖాస్తు తేదీని నిర్ణయించుకొనుట మేలు.

పెద్దలు చేయవలసిన పని కష్టమైనది కాదు. చదువురానివారికి దరఖాస్తు వ్రాసి యిండు. పదిమంది కలిసి యిచ్చునట్లు చూడుడు. తేదీతో రసీదు పుచ్చుకొననిదే కార్యాలయము మెట్లు దిగనీయకుడు. పిలుపు వచ్చినచో ఆ తేదీని జాబుకార్డు ప్రక్కన వ్రాసియుంచుడు. పని ముగిసిన నాడే రెండవ దరఖాస్తు ఇప్పింపుడు. రసీదు నిరాకరించినచో మండలాధికారికి వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయుడు. సామాజిక తనిఖీ సభ జరుగునాడు ఆ కాగితములను అందరి యెదుట చదివింపుడు.

అప్పుపత్రముమీద తేదీ లేనిదే వేలిముద్ర వేయరాదని మీరు మీ పిల్లలకు నేర్పితిరి. పని యడుగు కాగితమునకును ఆ జాగ్రత్తయే కావలయును. ప్రత్తి యేరినను, మిరప కోసినను, చెరువుమట్టి మోసినను కూలివానికి తప్పు లేదు. ఒక పనినుండి మరియొక పనికి మారునప్పుడు నోరు మెదపక మారుటయే అతనికి నష్టము. ఆ నష్టమును తప్పించుట మీ చేతిలోని పని.