వేపచెట్టు మీదా, విమానం రెక్క మీదా

ఉమ్మడి పాలమూరు జిల్లాలో పిడుగు భయం ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ఎండలు ముదిరి తొలకరి దిగే రోజుల్లో ఒకసారి, వానలు వెనక్కి మళ్లేటప్పుడు మరోసారి. గద్వాల సీడ్ పత్తి చేలల్లో కూలీలు, వనపర్తి, నాగర్‌కర్నూల్ గుట్టల వెంట గొర్లు కాసేవాళ్లు వానకు చెట్టు కింద చేరి ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు ఏటా చదువుతూనే ఉంటాం. పిడుగు పడ్డ వేపచెట్టును దగ్గరికి పోయి చూడండి. కాండం పొడవునా బెరడు పట్టెలుగా లేచిపోయి ఉంటుంది. ఆ దెబ్బ బయటి నుంచి తగిలింది కాదు. బెరడు కింది తడిలోంచి కరెంటు పారి, ఆ నీరు రెప్పపాటులో ఆవిరైంది. ఆ ఆవిరి బయటికి దారి లేక బెరడును పగలగొట్టింది.

కార్బన్ ఫైబర్‌తో చేసిన విమానం రెక్కకు పిడుగు తగిలినా దాదాపు ఇదే జరుగుతుంది.

శంషాబాద్ నుంచి బెంగళూరుకు విమానం దారి గీత గీస్తే అది పాలమూరు మీదుగానే పోతుంది. దేశంలో విరివిగా తిరిగే ఎయిర్‌బస్ ఏ320 విమానం ఒళ్లు అల్యూమినియం, తోక మాత్రం కార్బన్ ఫైబర్. మన తేజస్ బరువులో 45 శాతం, బోయింగ్ 787 బరువులో 50 శాతం కాంపోజిట్లే, అంటే ఇలా పోగులను రెజిన్‌తో అతికించి చేసిన పదార్థాలే. ప్రయాణికుల విమానం ఒక్కోదానికి సగటున ఏడాదికొకసారి పిడుగు తగులుతుందని అంచనా. లోపల కూర్చున్నవాళ్లకు ఓ మెరుపు, ఓ చప్పుడు తప్ప సాధారణంగా ఏమీ తెలియదు. అలాగని లోహపు విమానాలకు ముప్పే లేదనుకోవద్దు. 1963 డిసెంబర్ 8న అమెరికాలోని ఎల్క్‌టన్ దగ్గర పిడుగుకు ట్యాంకులోని ఇంధనపు ఆవిరి అంటుకుని పాన్ ఆమ్ 214 కూలింది. 81 మంది చనిపోయారు.

కార్బన్‌తో చిక్కు వేరు. ఒక్కో పోగు మందం సుమారు 7 మైక్రాన్లు, అంటే తల వెంట్రుకలో పదో వంతు. ఈ పోగులను ఎపాక్సీ రెజిన్ అనే జిగురుతో అతికించి పొరలు చేస్తారు, ఒక్కో పొరను ఒక్కో దిక్కుకు తిప్పి పేరుస్తారు. పోగు వెంట కరెంటు పారుతుంది గానీ, అల్యూమినియంలో పారేదానితో పోలిస్తే అది వెయ్యో వంతు దరిదాపుల్లోనే. పై పొర నుంచి కింది పొరకు దిగాలంటే మధ్యలో రెజిన్ అడ్డం, అక్కడ దారి ఇంకా ఇరుకు. ఇరుకైన చోటల్లా వేడి పుడుతుంది. గాలి తగలకపోతే పోగులు 3,000 డిగ్రీల దాకా తట్టుకుంటాయి. రెజిన్ మాత్రం అందులో ఏ పదో వంతు వేడికో చెడిపోవడం మొదలుపెట్టి, వాయువుగా మారి, పొరలను విడదీస్తుంది. అతుకు పోయాక పోగులు ఎంత గట్టివైతే ఏం లాభం?

పీహెచ్‌డీ విద్యార్థులు ఏళ్ల తరబడి తలబద్దలు కొట్టుకునేది ఇక్కడే. బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో మోర్గన్-బోట్టి లైట్నింగ్ లేబొరేటరీ లాంటి చోట్ల కృత్రిమ పిడుగును కార్బన్ ఫైబర్ పలకల మీదికి వదులుతారు. విమాన ప్రమాణాల ప్రకారం తొలి దెబ్బ 2 లక్షల ఆంపియర్లు, కొన్ని మైక్రోసెకన్లలోనే శిఖరానికి చేరుతుంది. దాని వెనకే వందల ఆంపియర్ల కరెంటు అర సెకను దాకా పారుతుంది. మొదటిది చీలుస్తుంది, రెండోది కాలుస్తుంది. చిన్నదే కదా అని రెండోదాన్ని వదిలేస్తే లెక్క తప్పుతుంది. జపాన్‌లో హిరానో బృందం 2010లో ప్రచురించిన పరీక్షల్లో 40 వేల ఆంపియర్ల దాకా వాడి చూసింది. పోగులు తెగడం, రెజిన్ చెడడం, పొరలు విడిపోవడం మూడూ కనిపించాయి. దెబ్బ తిన్న పలకను అల్ట్రాసౌండ్‌తో పొరపొరా చూస్తారు, ఆ తర్వాత నొక్కి ఎంత బలం మిగిలిందో కొలుస్తారు. పైన చిన్న మచ్చే కనిపించి, లోపల పొరలు అంతకన్నా దూరం విడిపోయి ఉండొచ్చు. మెకానిక్‌కు తలనొప్పి తెచ్చేది ఇదే.

కాపాడుకోవడానికి పై పొరలో సన్నని రాగి జాలీ పొదుగుతారు. పిడుగు దాని మీద పరుచుకుని పారిపోతుంది, జాలీ కాలిపోతుంది, ఆ మేరకు అతుకు వేస్తారు. బరువు పెరుగుతుందన్నదే బాధ. అందుకే రెజిన్‌లోనే కార్బన్ నానోట్యూబులు కలిపి కరెంటుకు దారి ఇవ్వాలని చూస్తున్నారు.

రంగుదీ ఒక పాత్ర ఉంది. జాలీ మీద పెయింటు మందంగా ఉంటే పిడుగు మొన పక్కకు పరుచుకోలేక ఒక్కచోటే నిలబడి గుచ్చుతుంది, నష్టం పెరుగుతుంది. కాబట్టి విమానానికి మళ్లీ రంగు వేసేటప్పుడు ఎన్ని పూతలు పడ్డాయన్నది కూడా కొలిచి చూడాల్సిన సంగతే.