సేవకు ముందు ప్రశ్న

పల్లెకు సేవ చేయబోవు విద్యార్థి చేత పలుగు, పార ఉండవలెనని అందరమును చెప్పుదుము. వానితోపాటు ఒక నోటుపుస్తకము కూడ ఉండవలెనను మాటను మాత్రము మన కళాశాలలు తరచు మరచుచున్నవి.

ఈ రెంటిని కలిపిన ఉదాహరణము మన తెలుగునాటనే కలదు. 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయము సమాజసేవా కార్యక్రమము నొకదానిని చేపట్టి, పెక్కు శాఖల అధ్యాపకులను, విద్యార్థులను హైదరాబాదు సమీపమునందలి శామీర్‌పేటకు పంపెను. వైద్యము, వ్యవసాయము, పశుపోషణ మున్నగు విషయములలో గ్రామస్థులకు తోడ్పడుచునే, ఆచార్య ఎస్.సి. దూబే నాయకత్వమున ఆ యూరి కులములను, కుటుంబములను, వృత్తులను, పండుగలను పరిశీలించిరి. ఆ కృషికి ఫలముగా 1955లో 'ఇండియన్ విలేజ్' అను ఆంగ్లగ్రంథము వెలువడెను. సమాజశాస్త్ర విద్యార్థులు దానిని నేటికిని చదువుచున్నారు.

ఇంతలో 1952 అక్టోబరు 2న దేశమున సమాజాభివృద్ధి పథకము ఆరంభమయ్యెను. దాని నడకను ఉత్తరప్రదేశ్ గ్రామములలో పరిశీలించి దూబేగారు 1958లో మరియొక గ్రంథము ప్రకటించిరి. అందు శ్రమదానమును గూర్చి ఆయన చూపిన నిజము కటువైనది. ఊరి పెద్దలు పెత్తనము చేసి పేరు పొందిరి, చెమటోడ్చినవారు పేదలు. బాగుపడిన బాటల వలన ఎక్కువ మేలు బండ్లు, భూములు గలవారికే కలిగెను. మంచి ఉద్దేశ మొక్కటే చాలదని ఆ పరిశోధన తెలిపినది.

ఈ సంగతిని నాకు పుస్తకముకంటె ముందు ఒక ముసలమ్మ చెప్పినది. కొన్నేండ్ల క్రిందట విద్యార్థులతో ఒక పల్లెబడిలో వారము దినములు విడిసి, చేల నడుమ మట్టిబాట వేయించితిని. కడపటి దినమున సభ జరిగినది, దండలు వేసిరి. పిమ్మట కూలిపని చేసుకొను ఆమె నా చెంతకు వచ్చి, "పంతులుగారూ, ఈ బాట మీద బండి తోలేది ఆసాములు. మా పేటలో బోరింగు పాడై ఆరు నెలలయింది. మాకేం కావాలో ఎవరూ అడగలేదండీ" అన్నది. ఆ బోరింగు మేము దిగిన బడికి నూరు గజముల దూరముననే యున్నది. నాకు మాట రాలేదు.

1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయములలో మొదలైన జాతీయ సేవా పథకములో, విద్యార్థి రెండేండ్లకు 240 గంటలు పనిచేయవలెనను నియమ మున్నది. గంటలను లెక్కించుట తేలిక. ఊరివారిని ఏమి అడిగితిమో, వారేమి చెప్పిరో లెక్కించుటయే కష్టము. చదువు అక్కడనే ఆరంభమగును.

మరుసటి యేట నా విద్యార్థులు ఆ పల్లెకే వెళ్లి, మొదటి రెండు దినములు పార పట్టలేదు. ఊరి చివరి పేటనుండి మొదలుపెట్టి ఇల్లిల్లు తిరిగి అడిగి వ్రాసికొనిరి. వ్రాసినదానిని మూడవ నాడు చెట్టుక్రింద అందరి యెదుట తెలుగులో చదివిరి. గ్రామస్థులు పెక్కుచోట్ల తప్పులు దిద్దిరి. ఆ దిద్దుబాట్లతో నిండిన నోటుపుస్తకమునే నేటికిని నేను క్రొత్త విద్యార్థులకు మొదటి పాఠముగా చూపుచున్నాను.